నాలుగు దేశాల పోటీ, ఒక్క క్యాంటీను

రాష్ట్ర రుచుల అభివృద్ధి సంస్థ బెజవాడలో ఓ పెద్ద భవనంలో ఉంది. రుచులను ఎలా అభివృద్ధి చెయ్యాలా అని పై అంతస్తుల్లో వాళ్ళు పొద్దుట్నుంచీ ఆలోచిస్తారు. ఒంటిగంట కాగానే ఆలోచన ఆపేసి, కింద కోటిరత్నం నడిపే క్యాంటీనుకి దిగి వచ్చి అన్నం తింటారు. పప్పు, కూర, పచ్చడి, చారు, మజ్జిగ. సంస్థ పుట్టినప్పటి నుంచీ అందులో అభివృద్ధి చెందిన రుచి ఏదైనా ఉందంటే అది అక్కడే.

కోటిరత్నానికి యాభై దాటాయి. ఆ మధ్యాహ్నపు గంటన్నర అంటే ఆవిడకి ప్రాణం. ఎవరికి ముద్దపప్పు ఇష్టమో, ఎవరు చారు జుర్రుకుంటారో, ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చి పచ్చడి ఎక్కువ వేసుకుంటారో చెయ్యి చూసి చెప్పేస్తుంది. మొగుడు పానకాలు పొద్దున్నే మార్కెట్టుకి పోయి కూరలు తెస్తాడు. కూతురికి పెళ్ళయి గుంటూరులో ఉంది. పొద్దున పొయ్యి వెలిగించడానికి ఒక చోటూ, మధ్యాహ్నం వడ్డించడానికి నలుగురూ ఉంటే ఆవిడ ఇంకేం కోరేది కాదు.

అంత నిమ్మళంగా ఉన్నచోట, ఒకరోజు సాయంత్రం సంస్థ ఎం.డి. ఉదయభాస్కర్‌గారు ఇంట్లో టీవీ పెట్టుకుని ఏదో విదేశీ వంటల పోటీ చూశారు. మర్నాడు ఆఫీసుకొచ్చి, "మన రాష్ట్రంలో ఇలాంటిది ఎందుకు లేదు?" అన్నారు. ప్రశ్న ఎం.డి.గారిది కాబట్టి ఫైలయింది. ఫైలు కమిటీ అయింది. కమిటీ విమానం ఎక్కింది.

ఏ దేశంలో ఎలా పోటీ పడతారో ఒక్కరే చూస్తే ఏకపక్షంగా ఉంటుందని నలుగురు నాలుగు దేశాలు పంచుకున్నారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టు తిరిగి రాలేదు.

పరిపాలనాధికారి చిదంబరరావు ఇంగ్లండు వెళ్ళాడు. ఆయన చూసిన పోటీలో జనం పచ్చిక మీద గుడారం వేసుకుని కేకులు చేశారట. ఒకరి కేకు కుంగిపోతే పక్కవాళ్ళు వచ్చి నిలబెట్టారట. ఓడినవాడిని గెలిచినవాడు వాటేసుకుని ఏడ్చాడట. పోయేటప్పుడు గుమాస్తాల మీద ఇంతెత్తున లేచే మనిషి, వచ్చాక కుర్చీ కాలికి తగిలినా కుర్చీకి క్షమాపణ చెబుతున్నాడు.

"క్షమించాలి రత్నంగారూ, మీకు శ్రమ కాకపోతే ఇంకొంచెం చారు..."

"శ్రమేముందండీ, గరిటె మోయడమేగా!" అని పోసింది రత్నం.

సహాయ మేనేజరు ఫల్గుణరావు అమెరికా నుంచి గొంతు పోగొట్టుకుని వచ్చాడు. అక్కడ గోడ మీద పెద్ద గడియారం ఉంటుందట, వంటవాళ్ళు మంటల్లో ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు పరిగెడతారట, న్యాయనిర్ణేత కత్తిపీట మీద కూరగాయలా అందరినీ తరుగుతాడట. ఫల్గుణరావు ఇప్పుడు ఎక్కడ నిలబడ్డా "టైమైపోతోంది! టైమైపోతోంది!" అని అరుస్తున్నాడు. భోజనం చేసేవాళ్ళ వెనక నిలబడి అరిస్తే, అకౌంట్సు ఆయనకి పొలమారింది.

ప్రచారాధికారి మంజులత ఆస్ట్రేలియా చూసొచ్చింది. "అక్కడ ఉల్లిపాయ తరగకముందే ఏడుస్తారమ్మా" అని చెప్పింది రత్నానికి. "ప్రతి కూర వెనకా ఒక కథ. వాళ్ళమ్మమ్మ, వాళ్ళ పేదరికం, వాళ్ళ కల. మనవాళ్ళు వండుతారు, పెడతారు, పోతారు. ఎమోషన్ ఏదీ?"

ఇక ఎం.డి.గారు జపాను వెళ్ళారు. అక్కడ పళ్ళెం మీద గుడ్డ కప్పి ఒక రహస్య పదార్థం తెస్తారట. గుడ్డ తియ్యగానే సభంతా నిశ్శబ్దమట. తర్వాత యుద్ధం చూపిస్తున్నట్టు వ్యాఖ్యానమట. ఆయన లిఫ్టు తలుపు తెరుచుకున్నా నడుం వంచి నమస్కారం పెట్టి ఎక్కుతున్నారు.

నలుగురూ తమ దేశం పద్ధతే పద్ధతన్నారు. చివరికి ఏ దేశానికీ అన్యాయం జరగకుండా నాలుగు పద్ధతులూ ఒకే పోటీలో పెట్టాలని తీర్మానించి, రత్నాన్ని పైకి పిలిచారు.

"రత్నంగారూ, మీ క్యాంటీను అంతర్జాతీయ స్థాయికి ఎదగబోతోంది" అన్నారు ఎం.డి.

"సంతోషం సార్. గిన్నెలు తోమే కాడ పైపు కారుతోందండి, అది కాస్త—"

"అది స్థానిక సమస్య. నేను చెప్పేది వినండి. మీ కాంట్రాక్టు గడువు ముగుస్తోంది. ఇకమీదట టెండరు ఉండదు. టీవీలో వంటల పోటీ పెడతాం. విజేతకే క్యాంటీను. మీరూ పాల్గొనవచ్చు. ఎటువంటి అభ్యంతరమూ లేదు."

ఇన్నేళ్ళుగా తాను వండుతున్న వంటశాలలో తాను వండటానికి వాళ్ళకి అభ్యంతరం లేదని రత్నానికి అప్పుడే తెలిసింది.

"మరి అందాకా భోజనాలు సార్?"

"పోటీ ముగిసేదాకా క్యాంటీను మూసి ఉంచుతాం. న్యాయనిర్ణేతలం మేమే కదా. ఒక అభ్యర్థి వంట మేం రోజూ తింటూ కూర్చుంటే నిష్పాక్షికత ఏం కావాలి?"

ఆ మధ్యాహ్నమే క్యాంటీను తాళానికి లక్క ముద్ర వేశారు. లోపల నానబెట్టిన మినప్పప్పు అలాగే ఉండిపోయింది.

రత్నం ఇంటికెళ్ళేసరికి ఆడపడుచు దుర్గాంబ వాకిట్లో కూర్చుని ఉంది. పానకాలుకి అక్క. మొగుడు పోయాక గాంధీనగర్లో కర్రీ పాయింట్ పెట్టుకుని ఒంటిచేత్తో బతికింది. రోడ్డు వెడల్పు చేస్తామని ఆ గది పోయిన నెలే కూలగొట్టారు. ఇద్దరి వంటా ఊళ్ళో అందరికీ ఇష్టమే, ఒకరి వంట ఒకరికి తప్ప.

"ఏమే రత్నం, ఈ అప్లికేషన్లో వయసు దగ్గర ఎంత రాయనే?" అంది దుర్గాంబ.

"ఉన్నది రాయి. దేనికి వదినా అప్లికేషను?"

"మీ ఆఫీసు క్యాంటీనుకే."

"నా క్యాంటీనుకా? నా మీద పోటీకా?"

"నీదేంటే? గోడ మీద నీ పేరు రాసుందా? ఒరే పానకాలూ, చూడరా నీ పెళ్ళాం మాటలు!"

పానకాలు చేతిలో సంచి దించి, "ఇద్దరికీ ఒకే రకం వంకాయలు తెస్తాను. అంతకుమించి నన్ను అడక్కండి" అని పెరట్లోకి పోయాడు.

పోటీకి ఊళ్ళోంచి చాలామందే వచ్చారు. కానీ మొదటి మెట్టు దగ్గరే జల్లెడ పట్టేశారు. అది ఆస్ట్రేలియా మెట్టు. ప్రతి అభ్యర్థికీ ఒక కష్టం ఉండాలి, ఆ కష్టానికి తహసీల్దారు సంతకంతో ధ్రువీకరణ ఉండాలి. కష్టాలున్నవాళ్ళకి తహసీల్దారు చుట్టూ తిరిగే తీరిక లేక, తీరికున్నవాళ్ళకి కష్టాలు లేక చాలామంది మానుకున్నారు.

"మీ ఆయన తాగుతారా?" అని అడిగింది మంజులత, రత్నం కాగితం ముందు పెట్టుకుని.

"టీ తాగుతారండి."

"కొడతారా?"

"దోమల్ని."

"పోనీ చిన్నప్పుడు ఆకలితో పడుకున్నారా?"

"మా నాన్నకి హోటలుండేది మేడమ్."

"ఇలాగైతే కష్టం రత్నంగారూ. మీకు కష్టం లేకపోవడం చాలా పెద్ద కష్టం. బాగా ఆలోచించుకోండి."

రత్నం బాగా ఆలోచించుకుంది. "మా ఆడపడుచుందండి" అంది.

మంజులత కళ్ళు మెరిశాయి. "చెప్పండి, చెప్పండి" అని కెమెరా పెట్టించింది. రత్నం చెప్పడం మొదలుపెట్టాక ఆపడం ఎవరి తరమూ కాలేదు. కొత్త కోడలుగా వచ్చినప్పుడు పెట్టిన పులిహోర గురించి వదిన అన్నమాట చెప్పేటప్పుడు నిజంగానే ఏడుపొచ్చేసింది. పక్క గదిలో దుర్గాంబ కూడా పోయిన మొగుణ్ణి వదిలేసి, మరదలి గురించే చెప్పింది. తహసీల్దారు ఇద్దరి కష్టాలనూ ఒకే రోజు ధ్రువీకరించాడు. పోటీలో చివరికి మిగిలింది వీళ్ళిద్దరే.

రెండో మెట్టు జపానుది. రహస్య పదార్థం కొనాలంటే సంస్థ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రకటన ఇవ్వాలి. 'రహస్య పదార్థం నిమిత్తం కంద సరఫరా చేయగోరువారు' అని పేపర్లో వేశారు. మార్కెట్లో కంద ధర పెరిగింది. పానకాలు ఇంట్లో అడుగుపెడుతూనే, "రహస్యం బస్తాల్లో దిగిందే!" అన్నాడు.

షూటింగు రోజున పళ్ళెం మీద పట్టుగుడ్డ కప్పి తెచ్చారు. గుడ్డ తియ్యగానే ఇద్దరూ గుండెల మీద చెయ్యి వేసుకుని ఉలిక్కిపడాలని మంజులత ముందే నేర్పింది. ఎం.డి.గారు నడుం వంచి గుడ్డ తీశారు. పళ్ళెంలో చేమదుంపలున్నాయి. కాంట్రాక్టరు అవే చవగ్గా దొరికాయని తెచ్చాడు. ఆ పోటీ మొత్తంలో నిజంగా ఉలిక్కిపడింది ఎం.డి.గారొక్కరే. అది చాలా బాగా వచ్చిందని టీవీలో మళ్ళీ మళ్ళీ వేశారు.

వండటం మొదలయ్యాక ఫల్గుణరావు గడియారం కింద నిలబడి అరుపులు లంకించుకున్నాడు. "ఇంకా సగం టైమే! ఏంటా పోపు? పోపా, నిద్రా?"

"బాబూ, ఆవాలు నీ అరుపుకి చిటపటలాడవు, నూనె కాగితే ఆడతాయి" అంది దుర్గాంబ.

"క్షమించాలి దుర్గాంబగారూ, ఆయన అంతే" అన్నాడు చిదంబరరావు. "అన్నట్టు రత్నంగారి గరిటె కింద పడింది. మీరు తీసిస్తే సౌహార్దం కింద మార్కులుంటాయి."

దుర్గాంబ గరిటె తీసి ఇచ్చింది. "నీ మొహానికి గరిటె కూడా ఆగదే" అని మెల్లిగా అంది. మైకులో అది వినపడలేదు. ఆవిడకి సౌహార్దం కింద మార్కులు పడ్డాయి.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. గడియారం ఆగింది. గడియారం ఆగితే టైము గడుస్తున్నట్టా కాదా అని న్యాయనిర్ణేతలు చర్చకు కూర్చున్నారు. గడియారం నడిస్తేనే టైము నడిచినట్టని ఫల్గుణరావు. అధికారికంగా ఒక్క నిమిషం కూడా గడవని ఆ మధ్యాహ్నం, చేమదుంపలు ఉడికి, మెత్తబడి, గుజ్జయి, చల్లారాయి.

తినే దగ్గర అసలు చిక్కు వచ్చింది. విదేశాల్లో న్యాయనిర్ణేతలందరూ ఒకే పళ్ళెంలోంచి తలొక చెంచాతో తింటారు. ఆ ప్రకారమే ఒక పళ్ళెం, నాలుగు చెంచాలు పెట్టారు. ఎం.డి.గారు ముందు చెంచా ముంచి నోట్లో పెట్టుకుని, మళ్ళీ ముంచారు. మిగతా మూడు చెంచాలూ గాల్లో ఆగిపోయాయి.

"కానివ్వండి" అన్నారు ఎం.డి.

పై అధికారి ఎంగిలి అని ఎవరు అనగలరు? "నాకివాళ ఏకాదశి సార్" అన్నాడు చిదంబరరావు. "క్షమించాలి." ఫల్గుణరావుకి పన్ను నొప్పి వచ్చింది. మంజులత మాత్రం, "ఎమోషన్‌తో గొంతు పూడుకుపోయింది సార్" అంది. నిజానికి ముగ్గురూ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. నాలుక తటస్థంగా ఉండాలని షూటింగు రోజున న్యాయనిర్ణేతలు నీళ్ళు తప్ప ముట్టకూడదని ఎం.డి.గారే జపాను నుంచి తెచ్చిన నియమం.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. 'కెమెరా ముందు ఒకే పళ్ళెము, కెమెరా వెనుక నాలుగు పళ్ళెములు' అని. ఎంగిలి అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఇలాంటిదే ఇంకో నియమం వంటవాళ్ళకీ ఉంది. వండేవాళ్ళు రుచి చూస్తూ వండాలన్న ఒక్క విషయంలో మాత్రం నాలుగు దేశాలకీ ఏకాభిప్రాయం కుదిరిందట. కాబట్టి కెమెరా ముందు రుచి చూడాలి, దానికి మార్కులు. రత్నం గానీ దుర్గాంబ గానీ పుట్టి బుద్ధెరిగాక నలుగురికి పెట్టే వంట నోట పెట్టి ఎరగరు. ఉప్పు చాలిందో లేదో పొంగు వాసనలోనే తెలుస్తుంది. మరీ అనుమానమైతే అరచేతిలో చుక్క వేసుకుని చూసి, చెయ్యి కడుక్కుంటారు. అందుకని ఇద్దరూ చెంచా పెదవుల దాకా తెచ్చి, ఆహా అన్నట్టు తలూపి, చెంచా పక్కన పడేశారు. అది నటనని న్యాయనిర్ణేతలకి తెలుసు. హాయిగా ఊపిరి పీల్చుకుని మార్కులు వేశారు.

అంతవరకూ ఇద్దరూ గెలవాలనే వండారు. చివరి రౌండుకి ముందు వచ్చిన ఉత్తర్వుతో అంతా తల్లకిందులైంది.

'విజేతను రాష్ట్ర రుచి రాయబారిగా నియమించడమైనది. అంతర్జాతీయ ప్రమాణములలో నెగ్గిన వ్యక్తిచే దైనందిన భోజనము వండించుట సంస్థ గౌరవమునకు భంగకరము. కావున విజేత ఇకపై వంట చేయరాదు. ఓడిన అభ్యర్థి మనసు నొచ్చకుండునట్లు క్యాంటీను సదరు అభ్యర్థికి అప్పగించబడును.' చివరి వాక్యం చిదంబరరావు ఇంగ్లండు నుంచి తెచ్చింది.

ఉత్తర్వు ఇద్దరికీ అందింది. సాయంత్రం దుర్గాంబ మల్లెపూలు పట్టుకుని వచ్చింది. తమ్ముడింటికి ఆవిడ పూలు తేవడం అదే మొదలు.

"రత్నం, నువ్వే గెలవాలే. ఎంతకాలమని పొయ్యి దగ్గర మాడతావు? రాయబారివై కార్లో తిరుగు."

"అబ్బే, పెద్దదానివి, నీ ముందు నేను గెలవడమేంటి వదినా? నువ్వే గెలువు. మీ తమ్ముడు కూడా అదే అంటున్నాడు."

"నేనేమీ అనలేదు" అన్నాడు పానకాలు.

"నీ చేతి వంట ముందు నాదెంతే!"

"నీ పులుసు తిన్నాక ఇంకెవరి పులుసైనా నోటికి పోతుందా వదినా!"

ఇద్దరూ ఒకరినొకరు అంతలా పొగుడుకోవడం మంజులత పంపిన కెమెరా తీసింది. అది చూసి ఎం.డి.గారు కళ్ళు తుడుచుకున్నారు. "ఇంగ్లండు మన గుమ్మంలోకి వచ్చింది" అన్నారు.

చివరి రౌండు రోజున న్యాయనిర్ణేతలు ఆకలితో కళ్ళు లోతుకుపోయి కూర్చున్నారు. దుర్గాంబ పప్పు పొయ్యి మీద పెట్టి, దణ్ణం పెట్టుకుని, అటు తిరిగి నిలబడింది. మాడు వాసన గదంతా కమ్ముకున్నాకే ఇటు తిరిగింది. రత్నం వేపుడులో కారం గుప్పిళ్ళతో పోసింది. చెయ్యి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కళ్ళు మూసుకుని వేసింది.

మాడిన పప్పు ఎం.డి.గారి నోట్లోకి వెళ్ళింది. ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. "పొగ! ఎంత లోతైన పొగ పరిమళం! జపానులో దీనికోసం కట్టెలు కాలుస్తారు" అన్నారు. పళ్ళెం ఖాళీ అయింది. దుర్గాంబ మొహం పాలిపోయింది.

తర్వాత రత్నం వేపుడు. మంజులత ఒక్క ముద్ద పెట్టుకుని బావురుమంది. ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. "ఇన్నాళ్ళకి! ఇన్నాళ్ళకి నన్ను ఏడిపించిన కూర!" అంది. ఫల్గుణరావు గొంతు మంటెత్తి అరవలేకపోయాడు. తనను మౌనం వహింపజేసిన తొలి వంటకమని కాగితం మీద రాసి చూపించాడు. మార్కుల్లో రత్నం ముందుకొచ్చేసింది.

ఇలాగే గెలిస్తే పొయ్యి పోయినట్టే. ఒక్క చారు మిగిలింది. ఈ ఆకలి మనుషులు ఉప్పుగల్లు పెట్టినా మెచ్చుకునేట్టున్నారు. కారం, మాడు, ఉప్పు ఏదీ పనిచెయ్యదు. వదిన ఓరకంట చూసి నవ్వుతోంది. అప్పుడు ఆ ఒకే పళ్ళెం దగ్గర గాల్లో ఆగిపోయిన మూడు చెంచాలు రత్నానికి మనసులో మెదిలాయి.

గరిటెతో చారు తీసింది. ఊదింది. కెమెరాకి ఎదురుగా నిలబడి, గరిటె నోటికి పెట్టుకుని జుర్రున తాగింది. తాగిన గరిటె అలాగే గిన్నెలో ముంచి గిరగిరా తిప్పింది. చాలదన్నట్టు ఇంకోసారి తాగి, ఇంకోసారి తిప్పింది.

గదిలో జపాను నిశ్శబ్దం. దుర్గాంబ నోట్లోంచి "ఓసి నీ దుంప తెగా!" అని మాత్రం వచ్చింది.

"అంతర్జాతీయంగా చూస్తే ఇది సరైన పద్ధతే" అన్నారు ఎం.డి. ఆయన చెయ్యి మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.

"సరైన పద్ధతే. క్షమించాలి" అన్నాడు చిదంబరరావు, పళ్ళెం మెల్లిగా పక్కకి జరుపుతూ.

నాలుగు పళ్ళేలూ అలాగే ఉండిపోయాయి. దుర్గాంబ గెలిచింది. మెడలో రుచి రాయబారి పట్టీ వేస్తుంటే వెక్కివెక్కి ఏడ్చింది. ఆనందబాష్పాలని వ్యాఖ్యాత చెప్పాడు. రత్నం కూడా ఏడవాలి కాబట్టి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నవ్వు ఆపుకోలేకపోయింది.

క్యాంటీను తాళం తీశారు. రత్నం నేల కడిగి, ముగ్గు పెట్టి, వంకాయ కూరా, కొబ్బరి పచ్చడీ, పప్పూ, చారూ చేసి ఒంటిగంటకి వడ్డనకి నిలబడింది. ఒక్కరూ దిగి రాలేదు. మర్నాడూ అంతే. మెట్ల మీద ఎవరైనా కనిపిస్తే పిలిచేది.

"అకౌంట్సుగారూ, రండి, గోంగూర చేశాను."

"పథ్యంలో ఉన్నానండి" అని ఆయన అరటిపండు పట్టుకుని మాయమయ్యాడు.

తర్వాత పైపు బాగుచెయ్యడానికి వచ్చిన మనిషి ద్వారా అసలు మాట తెలిసింది. టీవీలో ఆ గరిటె సంగతి ఊరంతా చూసింది. ఆఫీసులో అనుకుంటున్నారట: "కెమెరా ముందే అంత ధైర్యంగా చేసిందంటే, ఇన్నేళ్ళూ తలుపు వెనక ఏం చేసిందో!"

రత్నం అక్కడే స్టూలు మీద కూలబడింది. ఓడిపోయి గెలుచుకున్నాననుకుంది. ఇప్పుడు ముందటి ఏళ్ళు కూడా పోయాయి.

"ఆ ఒక్కరోజే చేశానని చెప్పవే అందరికీ" అన్నాడు పానకాలు.

"చెబితే నమ్ముతారా? నేనైతే నమ్మను."

వారం తిరగకముందే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తినేవారు లేని క్యాంటీనును మూసి, పోటీ రెండో విడత నిర్వహించే విషయం పరిశీలనలో ఉన్నది. అంతకుముందు చివరి అవకాశంగా, సోమవారం మధ్యాహ్నం సిబ్బంది యావన్మందీ క్యాంటీనులో భోజనానికి హాజరు కావలెను. రుచి రాయబారి తొలి ముద్ద తిని ప్రారంభించెదరు.

సోమవారం అందరూ హాజరయ్యారు. వరసగా కూర్చున్నారు. రత్నం వడ్డించింది. పప్పు మీద నెయ్యి కరుగుతోంది. చారులోంచి ఇంగువ వాసన లేస్తోంది. ఎవరి చెయ్యీ పళ్ళెంలోకి పోలేదు. ఎం.డి.గారు చిదంబరరావుని చూశారు, చిదంబరరావు ఫల్గుణరావుని చూశాడు, ఫల్గుణరావు గోడ గడియారం చూసి ఏమీ అరవలేదు.

దుర్గాంబ పట్టీ మెడలో వేసుకుని వచ్చి, మధ్యలో వేసిన కుర్చీలో కూర్చుంది. రత్నం ఆవిడ ముందు ఆకు వేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వదిన ఇప్పుడొక్క మాట అంటే చాలు. ఈ గది, ఈ పొయ్యి, ఈ మధ్యాహ్నం అన్నీ పోతాయి. అసలే చారులో గరిటె తిప్పి ఆవిడ నెత్తిన ఈ పట్టీ తగిలించింది తనే. రత్నం చారు గిన్నె పట్టుకుని ఆకు పక్కనే నిలబడింది.

దుర్గాంబ అన్నంలో చారు పోయించుకుంది. కలిపింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. గదిలో అందరూ ఆవిడ గొంతువైపే చూస్తున్నారు.

ఆవిడ మొహం చిట్లించింది.

"ఏంటే ఇది? ఉప్పేదే?" అంది గట్టిగా. "కాస్త నాలిక్కి తగిలించుకుని చూసుంటే తెలిసేదిగా! మా అమ్మ మొత్తుకునేది, ఈ పిల్ల చచ్చినా రుచి చూసి వండదురా అని. మొన్న టీవీలో మార్కులకోసం నటించావు గానీ, నీ బుద్ధి ఎక్కడికి పోతుంది?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అకౌంట్సు ఆయన నెమ్మదిగా, "ఉప్పు తక్కువైందా?" అన్నాడు.

"తక్కువేంటి, చప్పిడి!" అంది దుర్గాంబ.

"అంటే రుచి చూడలేదన్నమాట!"

"రుచి చూడలేదు!" అని వరస చివరిదాకా మాట పాకింది. చేతులన్నీ ఒక్కసారి పళ్ళేల్లోకి దిగాయి. తర్వాత వినపడింది జుర్రుకునే చప్పుడే. చిదంబరరావు చారు మళ్ళీ మళ్ళీ పోయించుకున్నాడు, ఒక్కసారీ క్షమాపణ చెప్పలేదు. ఎం.డి.గారు ముద్దముద్దకీ, "నిజమే, ఉప్పు చాలా తక్కువ. అమోఘంగా తక్కువ" అన్నారు.

అందరూ వెళ్ళాక గిన్నె అడుగున మిగిలిన చారు అన్నంలో పోసుకుని రత్నం తింది. ఉప్పు సరిగ్గా ఉంది.

"వదినా."

"ఏంటే?"

"ఉప్పు సరిపోయిందిగా."

"సరిపోయింది. అయితే ఏం?" దుర్గాంబ పట్టీ తీసి మడత పెడుతోంది. "నిన్ను పంపేస్తే మళ్ళీ పోటీ పెడతారు. మళ్ళీ ఆ గడియారం, ఆ ఏడుపు నావల్ల కాదు. పైగా పై గదిలో ఏసీ వేసి కూర్చోబెట్టి, వంటింటి వైపు రావద్దంటున్నారు. రేపట్నుంచి కూరలు నేను తరుగుతాను. ఎవరైనా అడిగితే తనిఖీ అని చెప్పు."

"వంకాయలు నిలువుగా తరగాలి మరి. నువ్వు చక్రాలు కోస్తావు."

"చక్రాలే బాగుంటాయే."

ఆ వారంలోనే సర్క్యులర్ వచ్చింది. 'క్యాంటీను నందు వంటకములు రుచి చూడకయే తయారగుచున్నవనుటకు నిదర్శనముగా, ఇకపై ప్రతిదినము ఉప్పు తగుమాత్రము కన్న తక్కువగా వేయవలెను. సిబ్బంది సదరు లోపమును గమనించి ధ్రువీకరించవలెను.'

రత్నం అది చదివి, దుర్గాంబకి చదివి వినిపించి, చారులో ఎప్పుడూ వేసేంత ఉప్పే వేసింది.

ఒంటిగంటకి వరసగా కూర్చున్నవాళ్ళంతా తిని, చెయ్యి కడుక్కుంటూ, ఉప్పు తక్కువైందనే చెప్పి వెళ్ళారు.